గ్రీన్ టీ సారంతో పొద్దుటి సీరం: ఇంట్లో ఎలా చేయాలి, ఎక్కడ చెడగొట్టుకుంటాం

ఎండాకాలం మొదలైతే చాలు, నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఒకటే. "గ్రీన్ టీ మరిగించి ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజూ ముఖానికి రాసుకోవచ్చా?" మిగతా సగం ప్రశ్నలు దాని చుట్టాలే. దానిమ్మ తొక్క నీళ్లు పనికొస్తాయా, ఉసిరి రసం రాస్తే మంటెందుకు, ఇవన్నీ రాసుకుంటే సన్‌స్క్రీన్ మానేయొచ్చా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు చివరి ప్రశ్నకు జవాబు. మానేయకూడదు. ఏ మొక్క సారమూ సన్‌స్క్రీన్ కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఫ్రీ రాడికల్స్ అనే తుంటరి అణువుల్ని పుట్టిస్తాయి. సన్‌స్క్రీన్ ఆ కిరణాల్లో చాలావరకు ఆపుతుంది, అన్నిటినీ కాదు. దాన్ని దాటి లోపలికి వెళ్లిన వాటి వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్‌లో కొన్నిటిని యాంటీ ఆక్సిడెంట్లు అణుస్తాయి. అంటే ఈ సీరం సన్‌స్క్రీన్ కింద పనిచేసే సహాయకురాలు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఇక మరిగించిన గ్రీన్ టీ సంగతి. రాసుకోవచ్చు, ఆ పూటకి. మర్నాటికి దాచుకోకండి. మొదటిసారి నేనూ అలాగే చేశాను: వడకట్టిన టీ నీళ్లు అందమైన స్ప్రే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఐదో రోజుకి మూత దగ్గర జారుడుగా ఒక పొర, పులిసిన వాసన. పొర కనిపించాక పారబోశాను కానీ, దానికి ముందు రెండు రోజులు రాసుకున్నాను కదా! నీళ్లు, ఆకు కలిసిన చోట క్రిములు పెరుగుతాయి. ఇంట్లో చేసేవాళ్లకు అసలు తలనొప్పి యాంటీ ఆక్సిడెంట్ కాదు, ఇదే.

అందుకే ఈ పద్ధతిలో రెండు దశలు పెట్టాను. ముందు గ్లిజరిన్‌లో సారం తీస్తాం. తర్వాత ఆ సారంతో, క్రిములు పెరగకుండా చూసే ప్రిజర్వేటివ్ కలిపి, పలుచటి జెల్ లాంటి సీరం చేస్తాం.

మన పెరటి దినుసులు ఉండగా గ్రీన్ టీ ఎందుకు అంటారేమో. చర్మం మీద రాసి, మనుషుల మీదే చూసిన పరిశోధన దీనికి ఉంది. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, గ్రీన్ టీ పాలీఫినాల్స్ (ఆకులోని వగరు, యాంటీ ఆక్సిడెంట్ పదార్థాలు) ముందుగా రాసిన చోట అతినీలలోహిత కాంతి వల్ల వచ్చే ఎర్రదనం తగ్గింది. పైగా ఏడాది పొడవునా ఒకేలా దొరుకుతుంది, ఆరబెట్టే పని లేదు. దానిమ్మ, ఉసిరి కావాలనుకునేవాళ్లకు కింద వేరే చెప్పాను.

ఏమేం కావాలి

సారానికి:
- గ్రీన్ టీ ఆకు 8 గ్రాములు. సాదాది. నిమ్మ, అల్లం, తులసి, తేనె ఫ్లేవర్లు ఉన్నది వద్దు.
- గ్లిజరిన్ 60 గ్రాములు. మెడికల్ షాపులో దొరికే ఐ.పి. అని రాసి ఉన్నది. రోజ్ వాటర్ కలిపి అమ్మేది కాదు.
- డిస్టిల్డ్ వాటర్ 40 గ్రాములు.
- నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 0.1 గ్రాము, అంటే చిటికెలో సగం. పచారీ కొట్లో దొరికేదే.

సీరానికి (50 గ్రాములు, ఒక మనిషికి నెల రోజులకు సరిపోతుంది):
- పైన తీసిన సారం 7.5 గ్రాములు
- గ్లిజరిన్ 1.5 గ్రాములు
- జాంథన్ గమ్ (చిక్కబరిచే పొడి) 0.25 గ్రాము
- డిస్టిల్డ్ వాటర్ 40.25 గ్రాములు
- ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ కలిపిన ప్రిజర్వేటివ్ 0.5 గ్రాము. సబ్బులు, క్రీముల ముడిసరుకు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ పేరుతోనే దొరుకుతుంది.

సామాన్లు: 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం, మూత ఉన్న స్టీలు గిన్నె, అది పట్టేంత పెద్ద గిన్నె ఇంకొకటి, గాజు గ్లాసులు రెండు, పలుచటి నూలుగుడ్డ, కాఫీ ఫిల్టర్ పేపర్, పీహెచ్ స్ట్రిప్స్ (పులుపు ఎంతుందో రంగు మారి చూపే కాగితాలు), ముదురు గోధుమ రంగు పంప్ సీసా, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వంటకు వాడే థర్మామీటర్ ఉంటే హాయి.

తూకం లేకుండా చెంచాలతో చేస్తానంటే మాత్రం దయచేసి ఇక్కడే ఆగండి. అర గ్రాము ప్రిజర్వేటివ్‌ను చెంచాతో కొలవలేం. తక్కువైతే బూజు, ఎక్కువైతే మంట. ఫినాక్సీ ఇథనాల్‌కు పరిమితి 1 శాతం.

నీళ్ల గురించి రెండు మాటలు. బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ క్యాన్ నీళ్లూ వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు చవకగా దొరుకుతాయి కానీ అవి చర్మానికి వాడే శుభ్రతతో నింపినవి కావు. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే మెడికల్ షాపులో ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ చిన్న సీసాలు అడగండి. 10 మిల్లీలీటర్లవి పది తీసుకుంటే రెండు దశలకూ వస్తాయి.

చేసే పద్ధతి

1. ముందు శుభ్రం. గిన్నెలు, గ్లాసులు, చెంచాలు సబ్బుతో కడిగి, మరిగే నీళ్లు పోసి, తిరగేసి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు, తుడిస్తే గుడ్డలో ఉన్నదంతా మళ్లీ గిన్నెకు అంటుతుంది. సీసాను, పంపును ఆల్కహాల్‌తో కడిగి బోర్లించండి. ఈ పని స్టవ్ వెలిగించకముందే ముగించాలి, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది.

2. స్టీలు గిన్నెలో 40 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ పోసి నిమ్మ ఉప్పు కరిగించండి. తర్వాత 60 గ్రాముల గ్లిజరిన్ పోసి కలపండి. నిమ్మ ఉప్పు ఎందుకంటే, గ్రీన్ టీలోని కాటెచిన్లు (దాని ముఖ్యమైన పాలీఫినాల్స్) కాస్త పులుపున్న చోట నిలకడగా ఉంటాయి, పులుపు పోతే నల్లబడతాయి. లెమన్ టీలో నిమ్మకాయ పిండగానే రంగు తేలిపోవడం చూసే ఉంటారు కదా, ఇది దాని బంధువే.

హెచ్చరిక: ఇనుప మూకుడు, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, పాత అల్యూమినియం గిన్నె ఏవీ వాడకండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయలో నానబెట్టిన బట్ట మీద, బెల్లంతో తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తే అది నల్లగా తిరుగుతుంది. వగరు పదార్థానికి ఇనుము తగిలితే జరిగేది అదే. కలంకారీకి అది అందం. మన సీరానికి చేటు.

3. ఆకును చేత్తో నలిపి గిన్నెలో వేయండి. మిక్సీలో పొడి చేయొద్దు. పొడి చేస్తే సారం ఎక్కువ దిగుతుందనిపిస్తుంది కానీ, తర్వాత వడకట్టలేక చస్తాం. నా రెండో ప్రయత్నం అలా నాలుగు గుడ్డల పాలైంది.

4. పెద్ద గిన్నెలో నీళ్లు వేడిచేసి, అందులో ఈ గిన్నెను మూతపెట్టి దించండి. లోపలి ద్రవం 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఉండేలా అరగంట ఉంచండి, పది నిమిషాలకోసారి కలపండి. థర్మామీటర్ లేనివాళ్లు బయటి నీళ్ల మీద ఆవిరి లేస్తూ ఉండాలి, బుడగలు మాత్రం రాకూడదు అని గుర్తు పెట్టుకోండి. బుడగలొస్తే మంట ఆపేసి ఐదు నిమిషాలకు మళ్లీ వెలిగించండి. మరిగితే ఏమీ పేలిపోదు, రంగు ముదురుతుంది, వగరు ఎక్కువ దిగి చర్మం బిగదీసినట్టుగా ఉంటుంది.

5. చేయి పట్టేంత చల్లారాక నూలుగుడ్డలో వేసి పిండండి. తర్వాత ఫిల్టర్ పేపర్‌లో రెండోసారి. ఇది గంటైనా పడుతుంది, గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది కాబట్టి బొట్టుబొట్టుగా దిగుతుంది. తొందరపడి పేపర్‌ను వేలితో నొక్కితే చిరుగుతుంది. మూత పెట్టి వేరే పని చూసుకోండి. ఆకు కొంత పీల్చుకోగా సుమారు 70 గ్రాముల సారం మిగులుతుంది.

6. సారాన్ని శుభ్రమైన సీసాలో పోసి తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లిజరిన్ అరవై పాళ్లు ఉంది కాబట్టి చాలా క్రిములు ఇందులో పెరగలేవు. కొన్ని బూజులు ఓర్చుకుంటాయి. అందుకే రెండు నెలలకు మించి దాచొద్దు. ఈ సారాన్ని నేరుగా ముఖానికి రాయకండి, అంత గాఢమైన గ్లిజరిన్ చర్మానికి జిగటగానూ చిరచిరగానూ ఉంటుంది.

7. ఇక సీరం. ఆరిన గాజు గ్లాసులో 1.5 గ్రాముల గ్లిజరిన్ తీసుకుని, దాని మీద జాంథన్ గమ్ చల్లి ముద్దలా కలపండి. గమ్‌ను నేరుగా నీళ్లలో వేస్తే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడవవు. గ్లిజరిన్‌లో ముందు తడిస్తే ఆ బాధ ఉండదు.

8. అందులో డిస్టిల్డ్ వాటర్ సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా తిప్పండి. పది నిమిషాలు వదిలేయండి. గంజిలా, కాస్త వణికే జెల్‌లా తయారవుతుంది. ఇప్పుడు సారం 7.5 గ్రాములు కలపండి. లేత తేనె రంగు వస్తుంది.

9. ప్రిజర్వేటివ్ 0.5 గ్రాము వేసి రెండు నిమిషాలు బాగా తిప్పండి. సీరం గది వేడిలోనే ఉండాలి, వేడి మీద వేయొద్దు. విటమిన్ ఇ గుళిక పిండితే సరిపోదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు. విటమిన్ ఇ నూనె కనరెక్కకుండా చూస్తుంది, క్రిముల జోలికి పోదు. వేపనూనె చుక్క, తేనె, లవంగం నూనె కూడా ఈ పనికి చాలవు.

10. పీహెచ్ చూడండి. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 4.5 నుంచి 5 మధ్య ఉండాలి, చర్మం సహజంగా ఉండేది దాదాపు అక్కడే. ఎక్కువగా ఉంటే ఒక గ్రాము నిమ్మ ఉప్పును 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఒక్కో చుక్క వేస్తూ, కలుపుతూ, మళ్లీ చూడండి. 4 కంటే దిగిపోతే సీరం చురుక్కుమంటుంది. అప్పుడు వంట సోడా వేసి సరిచేద్దామని చూడకండి, చేయి జారి కాస్త ఎక్కువైతే సీరం కళ్లముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. సారం మిగిలి ఉంది కదా, సీరం కొత్తగా చేయడం తేలిక.

స్ట్రిప్‌ను ముదురు సారంలో ముంచకండి. సారం రంగు స్ట్రిప్ రంగులో కలిసి మోసం చేస్తుంది. పలుచగా ఉన్న సీరంలోనే కొలవాలి.

11. సీసాలో నింపి, పేరు, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ముప్పై రోజుల తర్వాత మిగిలింది పారబోయాలి. డ్రాపర్ సీసా కంటే పంపు మేలు. డ్రాపర్‌ను బుగ్గకు తాకించి మళ్లీ సీసాలో ముంచేస్తాం, అలవాటు.

12. ముఖానికి రాసే ముందు చేతి మీద పరీక్ష. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. ఒక్కసారి రాసి గంట చూసి "నాకు పడింది" అనుకోవడం పెద్ద తప్పు, ఎలర్జీ చాలాసార్లు మూడో రోజుకో ఐదో రోజుకో బయటపడుతుంది. దురద, ఎర్రదనం, చిన్న పొక్కులు ఏది వచ్చినా కడిగేసి మానేయండి. తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించండి.

రాసుకునే వరస

పొద్దున ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే రెండు పంపులు ముఖానికి, మెడకు. రెండు నిమిషాలాగి మీ మామూలు మాయిశ్చరైజర్. ఆ తర్వాత ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న, యూవీఏ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) నుంచి కూడా కాపాడే సన్‌స్క్రీన్. అది చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత తీసుకోవాలి. మనలో చాలామంది రాసేది అందులో సగం కూడా ఉండదు. బయట తిరిగే పని ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం యూవీ ఇండెక్స్ (అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) 10 దాటడం మామూలే. టోపీ, గొడుగు, చున్నీ వీటన్నిటికంటే చవక, వీటన్నిటికంటే గట్టి.

సీరాన్ని సన్‌స్క్రీన్‌లో కలిపేసి ఒకేసారి రాయొచ్చా? వద్దు. సన్‌స్క్రీన్ పొర సమంగా పరుచుకునేలా తయారుచేసి ఉంటారు, మనం నీళ్లు కలిపితే ఆ పొర చెదిరిపోతుంది. ఎంత చెదిరిందో ఇంట్లో కొలిచే దారి లేదు.

విశాఖ, కాకినాడ వైపు ఉక్కలో జిడ్డుగా అనిపిస్తే సారం 5 గ్రాములకు తగ్గించి, నీళ్లు 42.75 గ్రాములకు పెంచండి. అమెరికాలో, కెనడాలో చలికి చర్మం పగిలేవాళ్లు కొలతలు మార్చక్కర్లేదు, పైన రాసే మాయిశ్చరైజర్ చిక్కనిది తీసుకుంటే సరిపోతుంది.

సరిగ్గా వచ్చిందా లేదా: మూడు పరీక్షలు

మొదటిది కన్ను, ముక్కు. తాజా సీరం లేత తేనె రంగులో, ఎండుగడ్డి వాసనతో ఉంటుంది. చల్లారిన రోజే పలుచటి మబ్బులా కనిపిస్తే కంగారు పడొద్దు, టీ చల్లారితే అలా అవడం సహజం. తేటగా ఉన్నది పదో రోజున మబ్బు వేస్తే మాత్రం పారబోయండి. తీగలు, నలకలు, పులుపు వాసన, పంపు మూతి దగ్గర పొర, ఏది ఉన్నా అంతే. వడకట్టి వాడుకుందామన్న ఆలోచన రానివ్వకండి. బాగా ఉన్నట్టు కనిపించినంత మాత్రాన క్రిములు లేనట్టు కాదు, ముప్పై రోజుల గడువు పెట్టింది అందుకే.

రెండోది అయోడిన్ పరీక్ష. పిల్లలకు చూపిస్తే సరదాపడతారు. గ్లాసులో పావు కప్పు నీళ్లు, ఒక చెంచా అన్నం గంజి, ఒక్క చుక్క పోవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే గోధుమ రంగు మందు) వేయండి. నీళ్లు నీలి నలుపుకు తిరుగుతాయి. ఇప్పుడు సీరాన్ని ఒక్కో చుక్క వేసి కలిపి, పది సెకన్లు ఆగి చూడండి. యాంటీ ఆక్సిడెంట్లు అయోడిన్‌ను అణిచేకొద్దీ నీలం విరిగి చివరికి పోతుంది. ఎన్ని చుక్కలకు పోయిందో సీసా మీదే రాసి పెట్టుకోండి. పక్కన ఇంకో గ్లాసులో అవే కొలతలతో చేసి, సీరం బదులు ఉత్త నీళ్లు చుక్కలుగా వేయండి, నీలం అలాగే ఉండాలి. అప్పుడే మీ లెక్కకు విలువ.

పదిహేనో రోజున ఇదే మళ్లీ చేయండి. అదే గ్లాసు, అదే చెంచా, అదే డ్రాపర్. మొదటి రోజు ఎనిమిది చుక్కలు పట్టి, ఇప్పుడు పన్నెండు దాటితే సారం సత్తువ తగ్గిపోయినట్టే. ఈ పరీక్ష చెప్పేది అంతవరకే. చర్మం లోపల ఎంత పనిచేస్తుందో ఇది చెప్పదు, వేరే వాళ్ల సీరంతో పోల్చడానికీ పనికిరాదు. పరీక్ష చేసిన నీళ్లు సింకులో పోసేయండి.

మూడోది పీహెచ్, వారానికోసారి. అర పాయింటుకు మించి మారితే లోపల ఏదో జరుగుతోందన్నమాట. ఆపేయండి.

ఎక్కువమంది చేసే తప్పులు

రంగు ముదిరిందని సత్తువ ఎక్కువని మురిసిపోవడం. నిజం దీనికి తలకిందులు. కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగిన గ్రీన్ టీ సారం గాలికి, వేడికి ముందే ఖర్చయిపోయింది. ముదిరిన రంగు నీళ్లలో ఇనుము ఉందనడానికీ గుర్తే.

సారం ఎక్కువ వేస్తే మేలని 7.5 బదులు 20 గ్రాములు వేయడం. అంటుకుంటుంది, బిగదీస్తుంది, దిండు గలీబు మీద మరకలు. ప్రిజర్వేటివ్ మీద కూడా భారం పెరుగుతుంది.

పెరుగులోనో పాలలోనో కలిపి ప్యాక్ వేయడం. పాలలోని ప్రొటీన్ కాటెచిన్లను పట్టేసుకుంటుంది. ప్యాక్ కావాలంటే వేసుకోండి, దాన్ని గ్రీన్ టీ ఖాతాలో మాత్రం రాయకండి.

బాత్‌రూమ్ కిటికీలో పెట్టడం. వెలుతురు, వేడి, తడి చేయి మూడూ ఒకేచోట.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, "ఇంకాస్త పనిచేస్తుంది" అని నిమ్మరసం పిండడం. నిమ్మ జాతి కాయల్లో ఫ్యూరానోకూమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలొస్తాయి, తర్వాత నెలల తరబడి నల్లమచ్చ. నిమ్మ ఉప్పుతో ఆ భయం లేదు, అది శుద్ధి చేసిన సిట్రిక్ ఆమ్లం మాత్రమే. బావంచాలు కూడా ఈ కోవలోవే. బొల్లికి వాటిని వాడేదే ఎండతో కలిసి చర్మం మీద పనిచేస్తాయని. డాక్టరు చూస్తుండగా చేయాల్సిన వైద్యం అది, సీరంలో వేసే వస్తువు కాదు. నల్లజీడి గింజ సంగతి మన పల్లెల్లో చెప్పక్కర్లేదు. చాకలివాళ్లు బట్టకు గుర్తు పెట్టే ఆ రసమే ఒంటికి తగిలితే పుండు చేస్తుంది. మొక్కదైతే మెత్తగానే ఉంటుందనుకునేవాళ్లకు నేనెప్పుడూ దీన్నే గుర్తు చేస్తాను.

గ్రీన్ టీ బదులు ఏం వేయొచ్చు

దానిమ్మ తొక్క: నాకు రెండో ఇష్టం. అనంతపురం కాయైనా, మార్కెట్‌లో ఏ కాయైనా, లోపలి తెల్ల పొరతో సహా తొక్కను కడిగి, చిన్న ముక్కలు చేసి, నీడలో గలగలమనేదాకా ఎండబెట్టండి. సగం ఎండింది బూజు పడుతుంది. 8 గ్రాముల టీ బదులు 5 గ్రాముల తొక్క చాలు, వగరు చాలా ఎక్కువ. సీరంలో కూడా ఈ సారం 4 గ్రాములకు మించొద్దు, తగ్గినంత నీళ్లు పెంచండి. పొడి చర్మం వాళ్లకు ఇది పడదు.

ఉసిరి: పచ్చి రసం వద్దు, పులుపుకు మంట పుడుతుంది. ఎండిన ముక్కలతో పై పద్ధతిలోనే చేయొచ్చు. విటమిన్ సి కోసం మాత్రం చేయకండి, నీళ్లలో అది నిలవదు. మిగిలేది వగరు పదార్థాల బలమే. విటమిన్ సి సీరం కావాలంటే కొనుక్కోండి. 2005లో విటమిన్ సి, ఇ లతో ఫెరూలిక్ ఆమ్లం కలిపితే రెండిటికీ నిలకడ పెరిగి, ఎండ నుంచి కాపాడే శక్తి రెట్టింపవుతుందని తేలింది. మంచి సీరంలు ఇప్పటికీ ఆ కూర్పు చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ ఫెరూలిక్ ఆమ్లం మన బియ్యపు తవుడులో కూడా ఉంటుంది. అలాగని మిల్లు నుంచి తవుడు తెచ్చి నానబెట్టకండి, రోజుల్లోనే కనరెక్కుతుంది.

పసుపు: ఈ సీరంలో దండగ. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, వెలుతురుకు విరిగిపోతుంది, కాలరు పచ్చబడుతుంది. పసుపు మీద గౌరవం లేక చెబుతున్నది కాదు, దానికి తగిన చోటు ఇది కాదు.

బంతి, చామంతి పూలు: మీకు వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వస్తాయా? అయితే ఈ పూల జోలికి పోకండి. అన్నీ ఒకే కుటుంబం, ఒకటి పడని ఒంటికి మిగతావీ పడకపోవచ్చు. పొలం పనికి వెళ్లేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

ఎవరు చేయకూడదు

ముఖం మీద పుండ్లు, తామర, మొటిమల మందు వల్ల పొట్టు రాలుతున్నవాళ్లు. మెడికల్ షాపులో తెచ్చిన తెల్లబడే క్రీము నెలలుగా రాస్తున్నవాళ్లు కూడా. వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది, అలాంటి చర్మం మీద ఏది రాసినా మండుతుంది. వీళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసిపిల్లలకు రాయొద్దు. మంగు మచ్చలు పోతాయా అని అడిగేవాళ్లకు: ఈ సీరంతో పోవు. ఎండ తగిలితే మంగు ముదురుతుంది కాబట్టి సన్‌స్క్రీన్‌దే అక్కడ పెద్ద పని.

ఇంత తతంగం మా వల్ల కాదంటే

కొనండి, నామోషీ ఏం లేదు. డబ్బా ముందు బొమ్మ చూడొద్దు, వెనక పదార్థాల జాబితా చదవండి. గ్రీన్ టీ అక్కడ "కెమెలియా సైనెన్సిస్ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్" అని, దానిమ్మ "ప్యూనికా గ్రనేటమ్" అని, ఉసిరి "ఫిలాంథస్ ఎంబ్లికా" లేదా "ఎంబ్లికా అఫిసినాలిస్" అని ఉంటుంది. ఎక్కువ వేసింది ముందు, తక్కువది వెనక రాస్తారు, 1 శాతం లోపువి మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. అందుకని ఫినాక్సీ ఇథనాల్ ఎక్కడుందో వెతకండి. దానికి గరిష్ఠం 1 శాతమే కాబట్టి, మీ గ్రీన్ టీ దాని తర్వాత కనిపిస్తే అది 1 శాతానికి మించి లేదన్నమాట. ముందు ఉన్నా గొప్పలు పోవక్కర్లేదు, ఆ సారంలో కూడా ఎక్కువ భాగం నీళ్లో గ్లిజరినో అయి ఉండొచ్చు, మనం చేసినట్టే. లోపలి సరుకు కనిపించే తేట గాజు సీసాలో అమ్మేది కొనకండి.

చేసింది బాగా కుదిరితే చెల్లెలికో పక్కింటి అక్కకో ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వండి, తేదీ, పదార్థాల పేర్లు సీసా మీద రాసి, చేతి మీద వారం రోజుల పరీక్ష సంగతి నోటితో కూడా చెప్పి. డబ్బు తీసుకుని అమ్మడం వేరే సంగతి. మన దేశంలో సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ నిబంధనల కింద లైసెన్సు ఉండాలి, వంటింటి సరుకుకు మినహాయింపు లేదు.